కొత్త గులాబీలు తెప్పించే ముందు: బరంపురం నుంచి కోరాపుట్ దాకా మన పెరళ్లకు ఏవి నిలుస్తాయి

కార్తీకమాసం వచ్చిందంటే చాలు, ఫోన్‌లో గులాబీ మొక్కల ఫొటోలు వరస కడతాయి. చూసినదల్లా కావాలనిపిస్తుంది. డబ్బు కట్టేస్తాం, మొక్కలు వస్తాయి, జనవరిలో ఒక విడత పూస్తాయి. మళ్లీ వానలు పడి ఆగేసరికి వాటిలో సగం పుల్లలే మిగులుతాయి. తప్పు మొక్కది కాదు, చాలాసార్లు నర్సరీదీ కాదు. ఆ రకం మన గాలికి పుట్టింది కాదు, అంతే.

ఒడిశా సరిహద్దులో ఉన్న తెలుగువాళ్లకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. బరంపురం, ఛత్రపురం వాళ్లది సముద్రపు గాలి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ కొండల నడుమ ఉన్న పల్లపు ప్రాంతాలు, వేసవిలో మాడిపోతాయి. కోరాపుట్, సునాబెడ, సెమిలిగుడ కొండమీది ఊళ్లు. కోరాపుట్ పట్నమే సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. పెళ్లికో పేరంటానికో వెళ్లినప్పుడు చుట్టాలింట్లో విరగబూసిన గులాబీ చూసి అదే పేరు రాసుకుని తెప్పించుకుంటాం. వాళ్ల ఊళ్లో పూసింది మన ఊళ్లో పూయాలని లేదు. అందుకే జాబితాను పువ్వు రంగుతో మొదలుపెట్టకుండా మన పెరటితో మొదలుపెట్టాలి.

మొదటి పని: ఆకు ఎంతసేపు తడిగా ఉంటుందో చూడండి

మొక్క పెట్టాలనుకున్న చోటికి తెల్లారే వెళ్లి అక్కడున్న ఏ మొక్క ఆకులనైనా తాకి చూడండి. మంచు తడి ఎన్నింటికి ఆరుతోంది? ఏడున్నర, ఎనిమిదికల్లా ఎండ తగిలి ఆరిపోతే మంచి చోటు. కొబ్బరిచెట్టు నీడో పక్కింటి గోడో అడ్డొచ్చి పదింటిదాకా తడి ఉంటే ఆ చోట గులాబీకి కష్టాలు తప్పవు.

ఎందుకంటే గులాబీకి మన దగ్గర పెద్ద శత్రువు నల్లమచ్చ తెగులు. ఆకు మీద నల్లటి గుండ్రని మచ్చలు, చుట్టూ పసుపు, ఆ తర్వాత ఆకంతా రాలిపోవడం. ఈ బూజు విత్తనం ఆకులోకి దిగాలంటే ఆకు దాదాపు ఏడు గంటలు ఆగకుండా తడిగా ఉండాలి. కోస్తాలో రాత్రి పడే మంచు, సముద్రపు చెమ్మ ఆ పనికి సరిపోతాయి. దానికితోడు మనం సాయంత్రం పైపు పట్టి మొక్కంతా తడిపితే అడగక్కర్లేదు.

కొండమీది ఊళ్లలో వేరే బెడద. అక్కడ చలికాలంలో బూడిద తెగులు వస్తుంది. దీనికి ఆకు మీద నీరు నిలవక్కర్లేదు. రాత్రి చల్లగా, పగలు పొడిగా వెచ్చగా ఉంటే చాలు. కోరాపుట్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండే వాతావరణం సరిగ్గా ఇదే. లేత చిగుళ్లు, మొగ్గల మెడలు పిండి చల్లినట్టు తెల్లబడి మెలితిరుగుతాయి.

కాబట్టి ఏ రకం గురించి విన్నా ముందు వేయాల్సిన ప్రశ్న ఒకటే. ఇది నల్లమచ్చకు లొంగుతుందా, బూడిదకు లొంగుతుందా? కోస్తావాళ్లు మొదటి దాన్ని, కొండవాళ్లు రెండో దాన్ని జాబితాలోంచి కొట్టేయాలి. ఇక్కడే సగం పేర్లు పోతాయి.

ఎండ రోజుకు ఆరు గంటలైనా కావాలి, అదీ పొద్దుటి ఎండ అయితే మేలు. రాయగడ, గుణుపురం వైపు ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు దాటాక కాస్త నీడ పడే చోటు వెతకండి.

నీళ్ల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. కుండీ అంచున తెల్లటి పొర కడుతోందంటే మీ బోరు నీళ్లలో ఉప్పో సున్నమో ఎక్కువుందని అర్థం. గులాబీ ఉప్పును ఓర్చుకోదు. అలాంటి ఇంట్లో పది మొక్కల ఆశ మానుకుని నాలుగింటితో సరిపెట్టుకుని, వాననీళ్లు పట్టి పోయడం నయం. కోరాపుట్ ఎర్రనేలలకు పులుపు గుణం ఎక్కువ. గులాబీకి కొద్దిపాటి పులుపు ఇష్టమే, ఉదజని సూచిక (pH) 6 నుంచి 6.8 మధ్య ఉంటే హాయిగా పెరుగుతుంది. అంతకన్నా తక్కువుంటే సున్నం కలపాల్సి వస్తుంది. అయితే ఎవరో చెప్పారని చల్లేయకండి. కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి పరీక్ష చేయించాకే వేయండి.

పువ్వు ఎందుకు కావాలి?

ఈ ప్రశ్న చాలామంది వేసుకోరు. దేవుడికి రోజూ నాలుగు పూలు కావాలా, జడలో పెట్టుకోవాలా, గాజుసీసాలో పెట్టి ముందుగదిలో చూసుకోవాలా, గేటు పక్కన పొద రంగురంగులుగా కనిపిస్తే చాలా? అన్నీ చేసే గులాబీ లేదు.

పూజకైతే పువ్వు పెద్దదవడం కన్నా రోజూ దొరకడం ముఖ్యం. మన ఇళ్లలో, పక్కింటి ఒడియావాళ్ల ఇళ్లలో కూడా, మార్గశిర లక్ష్మివారాలకు పూల అవసరం ఎక్కువ. ఇప్పటికే ముదిరిన మొక్కలుంటే, కొమ్మ కత్తిరించాక పూయడానికి 45 నుంచి 60 రోజులు పడుతుందని లెక్కవేసి అక్టోబరు మొదట్లో కత్తిరించుకోవాలి. కొత్తగా తెప్పించే మొక్క మీద మొదటి ఏడాదే ఆ ఆశ పెట్టుకోకండి.

దేవుడికి, జడకి మన గులాబీరంగు నాటు గులాబీని మించింది లేదు. దాన్ని డబ్బిచ్చి తెప్పించకండి. వానాకాలంలో పక్కింటి పిన్నిగారినో వదినగారినో అడిగి పెన్సిలంత లావు ముదురు కొమ్మ తెచ్చి గుచ్చుకుంటే వేరు పోసుకుంటుంది. డబ్బు పెట్టాల్సింది కొమ్మతో బతకని అంటు రకాలకు.

తరగతులు, క్లుప్తంగా

హైబ్రిడ్ టీ అంటే పొడవాటి కాడకు ఒక్క పెద్ద పువ్వు. 1867లో ఫ్రాన్స్‌లో వచ్చిన లా ఫ్రాన్స్‌ను ఈ తరగతిలో మొదటిదిగా చెబుతారు. సీసాలో పెట్టుకోవడానికి ఇదే. ఫ్లోరిబండా గుత్తులుగా పూస్తుంది, పూలు చిన్నవి, సంఖ్య ఎక్కువ. బటన్ రోజ్ అని మనం పిలిచే మినియేచర్లు డాబా మీద కుండీలకు బాగుంటాయి, కానీ వేసవిలో వేడి గచ్చు పక్కన పెడితే ఎర్రనల్లి పడుతుంది. తీగ గులాబీకి గోడో పందిరో ముందు ఉండాలి, మొక్క తర్వాత రావాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు హైబ్రిడ్ టీల వెంట పడతారు. నా ఓటు మాత్రం ఫ్లోరిబండాకే. ఒక పువ్వు పాడైనా గుత్తిలో ఇంకో నాలుగుంటాయి.

ఏ ఊరికి ఏ పేరు

కోస్తాతో మొదలుపెడదాం. ఇక్కడ పేరు కన్నా ముందు రంగు చూడాలి. చిక్కటి పసుపు గులాబీలు ఒకప్పుడు తోటల్లో లేవు. 1900లో ఫ్రాన్స్‌లో పెర్నే డ్యూషే అనే ఆయన రోజా ఫీటిడా అనే పసుపు గులాబీ జాతిని కలిపి సొలేయ్ డోర్ అనే రకం తెచ్చాడు. ఇప్పటి పసుపు, నారింజ గులాబీల్లో చాలావాటికి మూలం అదే. రంగుతో పాటు ఆ జాతికున్న నల్లమచ్చ బలహీనత కూడా వంశంలోకి వచ్చింది. అందుకే బరంపురం, గోపాలపూర్ వైపువాళ్లు పసుపు, నారింజ రంగులు ఒకటీ రెండుకు మించి తీసుకోవద్దు. గులాబీరంగు, ఎరుపు, తెలుపు మీద ఎక్కువ పెట్టండి.

క్వీన్ ఎలిజబెత్ కోస్తాకు నమ్మకమైన మొక్క. 1954లో అమెరికాలో విడుదలైంది, పెద్ద పూలు గుత్తులుగా పూసే గ్రాండిఫ్లోరా అనే తరగతినే దీనికోసం పెట్టారు. లేత గులాబీరంగు, మనిషెత్తు దాటుతుంది, ముళ్లు తక్కువ. సువాసన మాత్రం అంతంతే. తెలుపు కావాలంటే ఐస్‌బర్గ్, 1958 నాటి జర్మన్ ఫ్లోరిబండా. నల్లమచ్చ దీనికి రాదని కాదు, వస్తుంది. ఆకు రాల్చినా మళ్లీ చిగుర్చి పూసేస్తుంది, ఆ మొండితనమే దాని విలువ. సువాసన కావాలన్నవాళ్లు గ్రుస్ ఆన్ టెప్లిట్జ్ అడగండి. 1897 నాటి పాత రకం, ముదురు ఎరుపు, మంచి వాసన, మన వేడికి బెదరదు. మెడ బలహీనం, పువ్వు తల వంచుకుంటుంది కాబట్టి సీసాకు పనికిరాదు. పూజకు, జడకు భేషుగ్గా ఉంటుంది.

మన వేడికోసమే పుట్టించిన రకాలు కూడా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ముందుగానే ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడిన ఎం.ఎస్. వీరరాఘవన్, ఆయన భార్య గిరిజ గారు దశాబ్దాలుగా ఈ పని చేశారు. మన దేశపు అడవి గులాబీలైన రోజా జైగాంటియా, రోజా క్లైనోఫిల్లాలను హైబ్రిడ్లతో కలిపి, వేడి ప్రాంతాల్లో నిలిచే మొక్కలు తీయాలన్నది వాళ్ల ఉద్దేశం. క్లైనోఫిల్లా నీటి ఒడ్డున, తడినేలలో బతికే జాతి. శాస్త్రవేత్త జానకి అమ్మాళ్ పేరు పెట్టిన ఇ.కె. జానకి అమ్మాళ్ గులాబీ వాళ్లదే. వాళ్ల రకం ఏదైనా నర్సరీ జాబితాలో కనిపిస్తే, కోస్తావాళ్లు ఒక చోటు దానికి ఉంచండి.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు అసలు పరీక్ష వేసవి. వేడిలో మొగ్గ గబగబా విచ్చి సాయంత్రానికి రాలిపోతుంది. రేకులు తక్కువున్న రకాలైతే మరీ తొందర. అందుకే ఇక్కడ రేకులు దట్టంగా ఉన్నవి, నెమ్మదిగా విచ్చేవి కావాలి. సెయింట్ పాట్రిక్ అని 1996 నాటి రకం ఒకటుంది. పసుపులో పచ్చదనం కలిసిన రంగు, వేడిలో కూడా నిదానంగా విచ్చుతుంది. పసుపు వద్దన్న మాట తీరానికి చెప్పింది, ఈ పొడి లోయల్లో ఒకటి పెట్టుకోవచ్చు. ముదురు ఎరుపు, దాదాపు నలుపనిపించే రకాల రేకుల అంచులు మాత్రం ఇక్కడి ఎండకు మాడతాయి. ఎరుపే కావాలంటే మిస్టర్ లింకన్ తీసుకుని, మధ్యాహ్నపు నీడ దొరికేచోట పెట్టండి. 1964 నుంచి ఉన్న రకం, పొడవాటి కాడ, ఇల్లంతా పరుచుకునే వాసన.

కొండమీదికొస్తే లెక్క తిరగబడుతుంది. కోరాపుట్, సునాబెడ చలికాలపు పొగమంచులో రేకులు మరీ దట్టంగా ఉన్న మొగ్గ విచ్చదు. పై రేకులు తడికి అతుక్కుని, మొగ్గ గోధుమరంగు ఉండలా కుళ్లిపోతుంది. కాబట్టి ఇక్కడ ఇరవై, ముప్పై రేకులున్నవి సుఖం. కప్పులా ముద్దగా విచ్చే ఇంగ్లిష్ గులాబీల ఫొటోలు అందంగానే ఉంటాయి గానీ, ఈ మంచులో వాటితో ఓపిక పట్టాలి. పాపా మెయాండ్ చిక్కటి ఎరుపు, వాసనకు పేరుపడ్డది, అయితే బూడిద తెగులుకు సులువుగా లొంగుతుంది. డబుల్ డిలైట్‌ది కూడా అదే బలహీనత. మీగడ తెలుపు మీద ఎరుపు అంచు, ఎండ పడేకొద్దీ ఆ ఎరుపు పెరుగుతుంది. పొద్దున్నే ఎండ, గాలి ధారాళంగా ఆడే చోటు ఉంటే ఒక్కటి తీసుకోండి. పీస్ మాత్రం కొండవాళ్ల అదృష్టం. కింద ఎండకు వెలిసిపోయే ఆ పసుపు, గులాబీ కలిసిన రంగు చల్లటి గాలిలోనే నిలుస్తుంది.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రకాలను కూడా చూడండి. అక్కడ గోధుమ మీద పనిచేసి, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్)కి మొదటి డైరెక్టర్ జనరల్ అయిన బి.పి. పాల్‌కు గులాబీలంటే ప్రాణం, ఎన్నో రకాలు స్వయంగా పుట్టించారు. ఆ సంస్థ నుంచి 1970లో వచ్చిన మోహిని చాక్లెట్ రంగు ఫ్లోరిబండా. అలాంటి రంగు వేరేచోట తేలిగ్గా దొరకదు.

అత్తరు గులాబీ గురించి అడిగేవాళ్లుంటారు. అత్తరు తీసే ఆ డమాస్క్ జాతి ఏడాదికి ఒక్క రుతువులోనే పూస్తుంది, చలి అడుగుతుంది. గంజాం తీరం మొగలిపువ్వుకు పుట్టిల్లు, వాసనకు అక్కడ దాన్నే నమ్ముకోవచ్చు.

ఫొటోను ఎంత నమ్మాలి

నీలి గులాబీ లేదు. గులాబీ రేకుల్లో ఆ నీలిరంగు పదార్థమే సహజంగా తయారవదు. జపాన్‌లో సంటోరీ సంస్థ జన్యుమార్పిడితో చేసి 2009లో అమ్మకానికి పెట్టిన అప్లాజ్ కూడా చూడ్డానికి లేత ఊదాగానే ఉంటుంది. ఫోన్‌లో కనిపించే ముదురు నీలం ఫొటో రంగు అద్దింది. ఏడురంగుల గులాబీ విత్తనాలు కూడా అంతే. విత్తనంతో మొలిచిన గులాబీ తల్లిలా ఉండదు, పేరున్న రకాలన్నీ అంటుకట్టో కొమ్మతోనో పెంచేవే.

నిజమైన ఫొటో కూడా చల్లటి చోట, నీడవల కింద, మొదటి విడత పువ్వుకు తీసినదై ఉంటుంది. అదే మొక్క మేలో సగం సైజు పువ్వు పూస్తుంది. రకం పేరు లేకుండా ‘ఆరెంజ్ సెంటెడ్’, ‘రెడ్ హైబ్రిడ్’ అని మాత్రమే రాసినవాళ్ల దగ్గర మీ తెగులు ప్రశ్నకు జవాబు దొరకదు. అలాంటివి వీధిలో బండిమీద, కళ్లముందు పూసి ఉన్నప్పుడు కొనుక్కోవచ్చు. ముందే డబ్బు కట్టి తెప్పించకండి.

ఎక్కడి నుంచి, ఎప్పుడు

మనకు ప్రధానంగా మూడు దారులు. గోదావరి పక్కన కడియం నర్సరీలు, బెంగాల్‌లో మేదినీపూర్ వైపు నర్సరీలు, బెంగళూరు. కడియం నుంచి బరంపురానికి హైవే ఒకటే కాబట్టి మొక్క తొందరగా చేరుతుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. పేర్ల విషయంలో మాత్రం గట్టిగా అడగాలి. బెంగళూరు నుంచి పేరున్న రకాలు ఎక్కువ దొరుకుతాయి, ప్రయాణం ఎక్కువ. రాయగడ, కోరాపుట్ వాళ్లు పార్సిల్ ఎన్ని చోట్ల దింపి ఎక్కించాలో కనుక్కుని ఆర్డర్ ఇవ్వండి.

ఏ వేరు మీద అంటుకట్టారని అడగండి. బెంగాల్ వైపు రోజా మల్టీఫ్లోరా వాడకం ఎక్కువ. దానికి పులుపు నేల పడుతుంది, కొండమీది ఎర్రమట్టికి బాగుంటుంది. సున్నం ఎక్కువున్న నీళ్లు, నేల అయితే ఆకు పాలిపోతుంది.

ఇక సమయం. దసరాకి మొక్కలు దిగాలని తొందరపడకండి. మనకు అక్టోబరు తుపాన్ల నెల. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినవి అక్టోబరులోనే, తిత్లీ గజపతి జిల్లాను ఎలా ముంచిందో అందరికీ గుర్తే. నవంబరు రెండో వారం నుంచి డిసెంబరు చివరిదాకా మొక్క చేరేలా చూసుకోండి. మరీ ఆలస్యమైతే సంక్రాంతి. శివరాత్రి దాటాక వచ్చిన మొక్క వేరు పట్టేలోపే ఎండ ముదురుతుంది.

జాబితా రాయడం

కొలత తీసుకుని రాయండి. హైబ్రిడ్ టీకి రెండున్నర అడుగులు, ఫ్లోరిబండాకు రెండడుగులు, బటన్ రోజ్‌కు ఒక అడుగు ఎడం కావాలి. కుండీ అయితే మొదటి రెంటికీ పన్నెండు అంగుళాలు, బటన్‌కు ఎనిమిది. ఎడం తగ్గిస్తే గాలి ఆడదు, మళ్లీ ఆకు తడి సమస్యే.

చోటు ఎంతుందో దానికి ఒకటి తగ్గించి ఆర్డర్ ఇవ్వండి. బండివాడు పూసిన మొక్క పట్టుకొచ్చినప్పుడు మనం ఆగగలమా?

బరంపురంలో ఆరు చోట్లున్న పెరటికి నేనైతే ఇలా రాస్తాను: ఐస్‌బర్గ్ రెండు, క్వీన్ ఎలిజబెత్ ఒకటి వెనక గోడవైపు, గ్రుస్ ఆన్ టెప్లిట్జ్ ఒకటి, ఇంతవరకు పెంచని కొత్త రకం ఒకటి. ఆరోది ఖాళీ. కొత్తదాన్ని ఒక్కటే తీసుకుని, ఒక వానాకాలం గడిచాక చూసి, నిలిస్తే మరుసటి ఏడాది జత తెప్పించుకోవచ్చు.

ఆర్డర్‌లో ఒక మాట తప్పకుండా చేర్చండి: ‘అడిగిన రకం లేకపోతే వేరేది పంపవద్దు, డబ్బు వెనక్కివ్వండి.’ ఇది రాయకపోతే అందమైన పేరుతో ఏదో ఒక ఎర్ర గులాబీ వస్తుంది. పువ్వు పూసేదాకా మనకు తెలియదు.

పెట్టె విప్పిన రోజు

విప్పుతూనే ఫొటోలు తీయండి, తర్వాత మాటలకు పనికొస్తాయి. అంటు కట్టిన చోట గట్టిగా అతుక్కుని ఉండాలి. కొమ్మ మీద గోరుతో కాస్త గీరితే లోపల పచ్చగా కనిపించాలి. కొమ్మ చివర నల్లబడి కిందికి దిగుతుంటే అది ఎండుకొమ్మ తెగులు. పచ్చటి భాగం వరకు కోసి, కోసినచోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద రాయండి. ఆకులు రాలి ఉంటే కంగారు పడక్కర్లేదు, ప్రయాణంలో అది మామూలే.

కడియం, బెంగాల్ మొక్కలు తరచు బంకమట్టి ముద్దలో వస్తాయి. ఆ ముద్దను అలాగే పాతితే లోపల నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది, లేదా ఎండి రాయవుతుంది. బకెట్ నీళ్లలో కాసేపు నానబెట్టి మట్టి దానంతటదే జారేలా చేయండి, వేళ్లను లాగకండి. తెల్లటి కొత్త వేళ్లు ముద్ద దాటి బయటికొచ్చి ఉంటే కదపకుండా నాటేయండి.

బాగా మగ్గిన గత్తం, గుప్పెడు వేపపిండి మట్టిలో కలిపి, అంటు అతుకు నేలకు ఒక అంగుళం పైన ఉండేలా నాటండి. వారం రోజులు నీడపట్టున ఉంచి, తర్వాత మెల్లగా ఎండకు అలవాటు చేయండి. నీళ్లు పొద్దున, మొక్క మొదట్లోనే, ఆకులు తడవకుండా పోయాలి. అతుకు కిందినుంచి వచ్చే పిలకలను కనిపించినప్పుడల్లా మొదటికంటా పీకేయండి. మొదటి రెండు మొగ్గలను గింజంత ఉండగానే తుంచండి. పేరు రాసిన చీటీ తడిసి పోతుంది కాబట్టి, నాటిన రోజే రకం పేరు, వచ్చిన చోటు, తేదీ డైరీలో కూడా రాసుకోండి. వచ్చే కార్తీకంలో ఏది మళ్లీ తెప్పించాలో ఆ పేజీ చూసి తేల్చుకోవచ్చు.